మూత్రంలో మంట: వేడి ఒక్కటే కాదు

నాట్ల కాలంలో ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొలంలోనే ఉంటారు. ఒంటికి పోవడానికి చాటు దొరకదు. అందుకని చాలామంది నీళ్లు తాగరు. వచ్చినా ఆపుకుంటారు.

కొన్నాళ్లకు మంట మొదలవుతుంది. మాటిమాటికీ వచ్చినట్టుంటుంది. పోతే నాలుగు చుక్కలే. పొత్తికడుపులో నొప్పి. "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు.

నీళ్లు చాలకపోయినా కొంచెం మంట పుట్టవచ్చు. కానీ ఇలా బాధపెట్టే మంట చాలాసార్లు మూత్రసంచిలో క్రిములు చేరడం వల్ల వస్తుంది.

ఆడవాళ్లకే ఎందుకు ఎక్కువ?

మూత్రం బయటికి వచ్చే గొట్టం మగవాళ్లకు సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. ఆడవాళ్లకు సుమారు 4 సెంటీమీటర్లే. అంటే రెండు వేళ్ల వెడల్పంత. మలద్వారం కూడా పక్కనే ఉంటుంది. అక్కడి క్రిములు తేలిగ్గా లోపలికి పోతాయి. మూత్రం ఆపుకుంటే అవి లోపలే పెరుగుతాయి.

ఏం చేయాలి?

నీళ్లు బాగా తాగాలి. ఆపుకోకూడదు. ఇద్దరు ముగ్గురు కలిసి పోతే భయం ఉండదు. దొడ్డికి పోయాక ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. భర్తతో కలిసిన తరువాత ఒంటికి పోయి రావాలి.

మంట ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. డాక్టరు చూసి మాత్రలు రాస్తారు. చెప్పినన్ని రోజులూ మింగాలి. మంట తగ్గిందని మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది. అంగట్లో రెండు మాత్రలు కొని మింగితే చాలదు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే క్రిములు మూత్రపిండాలకు పాకి ఉండవచ్చు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. కడుపుతో ఉన్నవాళ్లు మంట లేకపోయినా మూత్రం పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బును వదిలేస్తే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు.

ముట్లుడిగాక

చాలామందికి 45, 55 ఏళ్ల మధ్య ముట్లు ఆగుతాయి. ఇది జబ్బు కాదు. ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుంది. ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమట పోస్తుంది. నిద్ర పట్టదు. యోని పొడిబారుతుంది. మూత్రంలో మంట మళ్లీ మళ్లీ వస్తుంది. యోనిలో రాసుకునే హార్మోను పూతమందు దీనికి పనిచేస్తుంది. ఒంటి వేడికి కూడా మందులున్నాయి. అన్ని మందులూ అందరికీ పడవు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

"గర్భసంచి తీయించుకుంటే అన్నీ పోతాయి" అని కొందరంటారు. అది నిజం కాదు. మూత్రంలో మంటకూ, తెల్లబట్టకూ ఆ ఆపరేషన్ మందు కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్ల లెక్క తీశారు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 100కు సుమారు 3. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన బాధలు వెంటనే మొదలవుతాయి. ఎముకలు తొందరగా గుల్లబారతాయి. ఆపరేషన్ అంటే ముందు ఇంకో డాక్టరుకు కూడా చూపించుకోవాలి.

ఒక్క సంగతి మరవకూడదు. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా ఆస్పత్రికి పోవాలి. అది క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. ముందే కనిపెడితే నయమవుతుంది.

మాట్లాడుకోండి

1. పనిచేసే చోట ఆడవాళ్లకు మరుగు ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?
2. మీ ఊళ్లో చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఉన్నారా? ఎందుకు తీయించుకున్నారు?