తీగ చివరి యిల్లు

టెలిఫోను తీగమీదుగా ఇంటర్నెట్టు తెప్పించుకొన్న బద్వేలు ప్రాంతపు గృహస్థులు తఱచుగా నొక ప్రశ్న వేయుచుందురు. బజారులోని దుకాణమునకు వచ్చు వేగము ఊరి వెలుపలి యింటికి రాకుండుట యేల? చందా యిద్దఱికిని ఒక్కటే, మోడెము ఒక్కటే, టెలిఫోనులో మాట యిద్దఱికిని స్పష్టముగనే వినబడుచున్నది. ఒకరి పిల్లవాడు పాఠము నిరాటంకముగ వినుచుండగా, వేఱొకరి బిడ్డ తెరపై తిరుగు చక్రమును చూచుచు కూర్చుండుట న్యాయమా యని వారి యాక్రోశము. ఈ యాక్రోశము సహేతుకమే. కాని కారణము తఱచుగా మోడెములో లేదు, సిబ్బంది పక్షపాతములోను లేదు. తీగ నిడివియందును, తీగ జాతియందును ఉన్నది. ఈ సంగతి తెలిసినచో వృథావ్యయము తప్పుటయే గాక, ఎవరిని ఏమి యడుగవలయునో కూడ స్పష్టపడునని మా యభిప్రాయము.

సాగునీటి కష్టసుఖము లెఱిగిన మనవారికి దీనిని వివరించుట సులభము. తూము దగ్గఱి మడి తడియును. కాలువ చివరి మడి యెండును. మన సీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. అది మంచి చెఱువునకు పండ్రెండు లక్షణములను, ఆఱు దోషములను చెప్పుచున్నది. కట్టనుండి నీరూరుట ఒక దోషము; కొద్దిపాటి నీటికి విస్తారమైన భూమి యుండుట మఱియొక దోషము. తీగకును ఈ రెండు దోషములే శత్రువులు. దారిలో కాఱిపోవుట యొకటి. అందవలసినదానికి మించిన దూరము రెండవది.

తీగ యెంత పొడవైన నేమి, విద్యుత్తు రెప్పపాటున పాఱునుగదా యని పూర్వము పెద్దవారును భ్రమించిరి. 1858లో అట్లాంటిక్ సముద్రగర్భమున తొలి తంతితీగ వేసినప్పుడు విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము ఆవలి యొడ్డు చేరుటకు రమారమి 16 గంటలు పట్టెను. తీగ పొడవు రెట్టింపైనచో సంకేతపు జాప్యము నాలుగు రెట్లగునని విలియం థామ్సన్ పండితుడు అంతకుముందే గణితముచే చూపియుండెను. ఆ తీగను నడపిన వైట్‌హౌస్ దానిని లెక్కచేయక ఇంచుమించు రెండువేల వోల్టుల బలమును ప్రయోగించెను. తీగ కొద్ది వారములలోనే మూగవోయెను. లావైన, మేలైన తీగను 1866లో వేసిన పిదపనే ఖండముల నడుమ వార్త స్థిరముగ నడచెను. బలము పెంచినంతమాత్రమున దూరము జయింపబడదు. తీగను బాగుచేయవలయును, లేదా దూరమును తగ్గింపవలయును.

మన యిండ్లకు వచ్చు రాగితీగల జంటకును ఇదే న్యాయము. అర మిల్లీమీటరు లావుగల జంట, పోవు తీగయు వచ్చు తీగయు కలిపి, కిలోమీటరునకు సుమారు 175 ఓముల నిరోధము చూపును, 0.4 మిల్లీమీటరు జంట సుమారు 275 ఓములు చూపును. ఎండలో వ్రేలాడు తీగ వేడెక్కినకొలది నిరోధము హెచ్చును. 20 డిగ్రీల తీగ కడప వేసవిలో 45 డిగ్రీలకు చేరినచో పదియవవంతు పెరుగును. ఐనను ఎక్స్చేంజిలోని 48 వోల్టుల బ్యాటరీ నాలుగైదు కిలోమీటర్లవఱకు మాటను సునాయాసముగ నడుపగలదు.

ఇంటర్నెట్టు సంగతి వేఱు. టెలిఫోనులో మాటకు కేటాయించిన స్పందనములు సెకనునకు 300 మొదలు 3,400 వఱకే. ఇంటర్నెట్టు సంకేతములు అదే తీగపై సెకనునకు 11 లక్షల స్పందనములవఱకు, తరువాతి పద్ధతిలో 22 లక్షలవఱకు పోవును. స్పందనము హెచ్చినకొలది తీగ మ్రింగివేయు శక్తియు హెచ్చును. అర మిల్లీమీటరు తీగపై నాలుగు కిలోమీటర్లు నడచిన మాటలో మూడవవంతు శక్తియైనను మిగులును. సెకనునకు మూడు లక్షల స్పందనములు గల సంకేతములోనో, మూడు లక్షల పాళ్లలో రమారమి ఒక్క పాలు మాత్రమే చేరును. కాబట్టి ఫోను బాగుగ పలుకుచున్నది గనుక తీగ మంచిదే యను వాదము నిలువదు. ఎక్స్చేంజి పొరుగున సెకనునకు 24 మెగాబిట్లవఱకు ఈయగల పద్ధతియే అయిదు కిలోమీటర్ల చివర ఒకటి రెండు మెగాబిట్లకు దిగజాఱును. ఈ దూరము ఊరి పటముపై గీత గీచి కొలిచినది కాదు. వీథులవెంట, స్తంభములవెంట తిరిగి తిరిగి వచ్చిన తీగ నిడివి యని పాఠకులు గుర్తింతురుగాక.

పొడవు మన చేతిలో లేదు. జాతి కొంతవఱకు మన చేతిలోనిదే. రెండు తీగలను పెనవేసి నడుపుట గ్రాహాం బెల్ 1881లో పేటెంటు పొందిన యుపాయము. పెనవేసిన తీగలు బయటి అలజడిని సమముగ గ్రహించును గనుక అది తుదయందు చాలవఱకు రద్దగును. బోరుబావి మోటార్లును కరెంటు తీగలును ప్రక్కప్రక్కనే యుండు మన పల్లెలలో ఈ పెనవేత మిక్కిలి యవసరము. పెనవేయని చదునైన తీగను గజములకొలది గోడవెంట లాగుట అలజడిని ఇంటిలోనికి పిలుచుటయే. వాన కురిసిననాడు వేగము పడిపోయి, ఎండ కాయగానే మరల వచ్చుచున్నచో ఏదో యొక యతుకులో నీరు చేరినదని అనుమానింపవలయును. భూగర్భపు తీగలలో జెల్లీ నింపుట నీరు చొరకుండుటకే. ఒక్క చెడ్డ యతుకు ఆ జాగ్రత్తనంతయు వమ్ముచేయును. మేడ గదికి, వసారాకు తీసి విడిచిన పాయలు వాడుకలో లేకున్నను హానికరములే. సంకేతము వానిలోనికి పోయి, తుద తాకి వెనుదిరిగి, అసలు సంకేతమును చెఱచును.

కనుక తీగ యిల్లు చొచ్చినచోటనే మాటను, ఇంటర్నెట్టును వేఱుచేయు స్ప్లిట్టరు నుంచి, మోడెమును అచ్చటనే పెట్టుట మంచిది. అచ్చటినుండి కంప్యూటరుకు నాలుగు జంటల ఈథర్నెట్ తీగను నూఱు మీటర్లవఱకు నిర్భయముగ లాగవచ్చును. చౌకయని అల్యూమినియముపై రాగిపూత పూసిన తీగను కొనరాదు. అది రాగివలె మెఱయునేగాని రాగివలె పనిచేయదు.

అసలు నివారణము గాజుతంతువు. గాజును తగినంత శుద్ధిచేసినచో వెలుగు దూరము పోగలదని 1966లో చార్లెస్ కావో ప్రతిపాదించెను. 2009లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. నేటి తంతువులో వెలుగు 20 కిలోమీటర్లు పోయినను రమారమి అయిదవవంతు మిగులును. రాగి నాలుగు కిలోమీటర్లలో చేయు నష్టముతో దీనిని పోల్చి చూడుడు! ఇండ్లకు చేరు పద్ధతిలో ఒక తంతువును ముప్పదిరెండిండ్లకు పంచుట వాడుక. అట్లు పంచినను కార్యము చెడదు. బిగువుగ వంచినచో మాత్రము వెలుగు కాఱిపోవును గనుక ద్వారబంధపు మూలలలో దానిని మడిచి మేకు కొట్టరాదు. కరెంటు స్తంభములమీదుగా తంతువును లాగిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిరి.

బ్రాడ్‌బ్యాండనగా సెకనునకు 256 కిలోబిట్లని 2004లో ప్రభుత్వమువారు నిర్ణయించిరి. 2013లో అది 512 ఆయెను. 2023లో రెండు మెగాబిట్లకు పెరిగెను. నిర్వచనము పెరిగినది గాని రాగితీగ నిడివి తరుగలేదు. కావున మేము కోరునది రెండే. చందా కట్టించుకొనుటకు ముందే తీగ నిడివియెంతో, ఆ యింటికి నిజముగ చేరు వేగమెంతో కొలిచి చెప్పుట సంస్థలవారి విధి. తంతువును మండల కేంద్రముతో నిలుపక చివరి పల్లెవఱకు కొనిపోయి, తెగిననాడు వెంటనే అతికించుట ప్రభుత్వమువారి విధి. నేడు భూమి దస్తావేజు మొదలు పిల్లల పరీక్షఫలితమువఱకు తీగమీదుగనే రావలసియున్నది. కాలువ చివరి రైతు తన వంతు నీరు అడుగుట దురాశ కాదు. తీగ చివరి యింటివాడు తన వంతు వేగము నడుగుటయు నట్టిదే. అడుగుటకు ముందు తన యింటిలోని తీగను, అతుకులను తాను చక్కజేసికొన్నచో ఆతని మాటకు బలము హెచ్చును.