సొంత చెరువు కట్ట: అపోహలు – వాస్తవాలు

ప్రభుత్వ ప్రాజెక్టులో ఒక గేటు మొరాయిస్తే మర్నాటికి పేపర్లో వస్తుంది. ఎవరిదో ఎస్టేటులో, తోట ఎగువన, సాగునీటి కోసం సొంత ఖర్చుతో వేసుకున్న మట్టికట్టకు బీట పడితే యజమానికీ కాపలా మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. ఊరికి తెలిసేసరికి గండి పడి ఉంటుంది. ఇలాంటి కట్టల గురించి తరాలుగా సేద్యం చేస్తున్నవాళ్లు కూడా నమ్మే కొన్ని మాటలు ప్రాణాల మీదికి తెస్తాయి.

అపోహ: చిన్న కట్ట, కొద్దిపాటి నీళ్లు. తెగితే నాలుగు మడులు మునుగుతాయి, అంతే.

వాస్తవం: హవాయిలోని కవాయి దీవిలో చెరకు తోటల కోసం 1890లో కా లోకో అనే మట్టి ఆనకట్ట కట్టారు. కాలక్రమంలో చెరకు కంపెనీ పోయింది, భూమి చేతులు మారింది, కట్ట మాత్రం ప్రైవేటు భూమిలో అలాగే ఉండిపోయింది. వారాల తరబడి వానలు కురిశాక, 2006 మార్చి 14న తెల్లవారకముందే తెగింది. ఏడుగురు చనిపోయారు. వారిలో ఒక గర్భిణి, ఒక పసిబిడ్డ ఉన్నారు. బయటపడ్డ నీరు సుమారు 150 కోట్ల లీటర్లు, అంటే టీఎంసీలో దాదాపు ఇరవయ్యో వంతు. శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు రోజూ వినే మనకు అది అసలు లెక్కలోకే రాదు. అక్కడి అధికారులూ ఆ కట్టను తక్కువ ప్రమాదమున్న వాటి జాబితాలోనే పెట్టారు, ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదు. ప్రమాదాన్ని కొలవాలంటే కట్ట ఎత్తుతో పాటు దాని కింద ఎవరు నిద్రపోతున్నారో కూడా చూడాలి. కట్ట వేసిన రోజున దిగువన బీడు భూమే ఉండవచ్చు. ఇప్పుడక్కడ ఇళ్ల ప్లాట్లు వెలిసి ఉంటే అది వెనకటి కట్ట కాదు.

అపోహ: అలుగు మీదుగా పోయే నీళ్లు వృథా. ఇంకో అడుగు ఎత్తు పెంచితే రెండో పంటకు పనికొస్తాయి.

వాస్తవం: నేను చూసినంతలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీరు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్టకు ఆ శక్తి లేదు. పొర్లిన నీరు ముందు దిగువ వాలును కోస్తుంది. ఆ కోత పైకి ఎగబాకుతూ కట్ట తలను చేరిందంటే ఇక ఆపేవాళ్లుండరు. అలుగు మట్టానికీ కట్ట తలకూ మధ్య వదిలిన ఖాళీ ఎత్తు ఉన్నది వరదను తట్టుకోవడానికే, అదనంగా నిల్వ చేసుకోవడానికి కాదు.

మన ఊళ్లలో ఏం చేస్తున్నాం? ఎండాకాలం వస్తుందని అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తాం, లేదా అరడుగు సిమెంటు పోస్తాం. చేపలు కొట్టుకుపోకుండా అడ్డంగా వల కడతాం. మొదటి వరదకే ఆ వలకు నాచు, గుర్రపుడెక్క, తాటాకులు చుట్టుకుని గోడలా తయారవుతుంది. అర్ధరాత్రి వానలో దాన్ని కోయడానికి దిగే మనిషి ఉండడు. కా లోకోలోనూ కారణం ఇలాంటిదే. అలుగును పూడ్చేశారని, నీరు పోయే దారిలేక కట్ట మీదుగా పొర్లి ఉంటుందని 2007లో స్వతంత్ర దర్యాప్తు నివేదిక అభిప్రాయపడింది. మన రాజంపేట దగ్గర చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు ప్రభుత్వానిదే అయినా పాఠం మారదు. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఎగువ నుంచి వచ్చిపడ్డ వరదకు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ ఊళ్లు ఊళ్లుగా మిగలలేదు.

అపోహ: చెట్ల వేళ్లు కట్టను పట్టి ఉంచుతాయి.

వాస్తవం: గరిక పట్టి ఉంచుతుంది, తుమ్మచెట్టు పట్టి ఉంచదు. పెద్ద చెట్టు గాలివానకు కూలితే వేళ్లతో పాటు బండెడు మట్టిని పెకలించుకుపోతుంది. చచ్చిన చెట్టు వేరు కుళ్లితే లోపల నీటికి దారి ఏర్పడుతుంది. పొదల చాటున పందికొక్కులు బొరియలు తవ్వుతాయి, ఎండ్రకాయలు తొలుస్తాయి, చూద్దామన్నా కనబడవు. అలాగని బాగా ముదిరిన చెట్టును మొదలు నరికి వదిలేస్తే మరీ నష్టం. వేరు తీసి, గుంటను అదే రకం మట్టితో పొరలు పొరలుగా పూడ్చి దిమ్మిస కొట్టాలి. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు.

అపోహ: కట్ట అడుగున ఊట కనిపిస్తే మట్టి వేసి మూసేయాలి.

వాస్తవం: ప్రతి మట్టికట్టలోనూ ఎంతో కొంత నీరు ఊరుతుంది. ఊట తేటగా ఉండి, ఏడాదికేడాది ఒకే తీరుగా ఉంటే గమనిస్తూ ఉండాలి. నీరు బురదరంగుకు తిరిగినా, ఉన్నట్టుండి ఎక్కువైనా కట్ట లోపలి మట్టి బయటికి వస్తోందని అర్థం. బుంగ పడడమంటే ఇదే. అమెరికాలోని ఐడహోలో టీటన్ అనే 93 మీటర్ల మట్టి ఆనకట్ట మొదటిసారి నిండుతుండగా 1976 జూన్ 3న దిగువన తేటనీటి ఊటలు కనిపించాయి. 5వ తేదీ ఉదయం బురదనీరు మొదలైంది. రంధ్రంలోకి మట్టి నెట్టడానికి రెండు బుల్డోజర్లు పంపితే అది ఆ రెంటినీ మింగేసింది, డ్రైవర్లను లాగి కాపాడారు. మధ్యాహ్నం 12 కాకముందే కట్ట కూలింది. 11 మంది పోయారు.

ఊట బయటపడే చోట బంకమట్టి దట్టిస్తే లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకోచోట పగలదీస్తుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాళ్లు పరవాలి. అప్పుడు నీరు బయటికి వస్తుంది, మట్టి ఆగిపోతుంది. వెంటనే ఇంజినీరును పిలవాలి. కంగారుపడి నీళ్లన్నీ ఒక్కసారిగా వదిలినా ప్రమాదమే. తడిసి బరువెక్కిన లోపలి వాలు జారిపోతుంది. నీటిమట్టం ఎంత వేగంగా దించాలో కూడా ఇంజినీరే చెప్పాలి.

అపోహ: వందేళ్లు నిలిచిన కట్ట ఇంకో వందేళ్లు నిలుస్తుంది.

వాస్తవం: కా లోకో నిలిచింది 116 ఏళ్లు.

అపోహ: నా భూమి, నా కట్ట. వాన ఎక్కువై తెగితే అది దైవాధీనం.

వాస్తవం: ఈ వాదానికి మన నేల మీదే పాత కథ ఉంది. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం జరిగింది. దావా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1874లో జమీందారే గెలిచాడు. అయితే ఎందుకు గెలిచాడో చూడాలి. ఆ చెరువులు ప్రజల బతుకుకు ఆధారమని, వాటిని నిలబెట్టడం ఆయన బాధ్యతని, ఆయన నిర్లక్ష్యం రుజువు కాలేదని తీర్పు. నిర్లక్ష్యం రుజువై ఉంటే ఫలితం వేరు. కా లోకో భూయజమానికి 2014లో ఏడు నెలల జైలుశిక్ష పడింది. కెన్యాలోని సోలాయ్‌లో ఒక ప్రైవేటు ఎస్టేటు కట్ట 2018 మే 9 రాత్రి తెగి కనీసం 47 మంది చనిపోతే, ఆ కట్టకు అనుమతులే లేవని అక్కడి జలవనరుల సంస్థ ప్రకటించింది.

మన దేశంలో 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ప్రతి ఆనకట్టకూ, కొన్ని షరతులతో 10–15 మీటర్ల వాటికీ వర్తిస్తుంది. యజమాని ప్రభుత్వమా, కంపెనీయా, వ్యక్తా అన్న తేడా లేదు. వానలకు ముందూ వెనకా తనిఖీ తప్పనిసరి. అంతకంటే చిన్న కట్టలు ఈ చట్టం కిందికి రావు. వాటిని కనిపెట్టుకోవాల్సిన మొదటి మనిషి యజమానే.

కాబట్టి మృగశిర కార్తె రాకముందే ఒక పూట కేటాయించండి. కట్ట తల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి, తిరుగుదారిలో దిగువ పాదం వెంబడి రండి. తూము తలుపు ఎత్తి, దించి చూడండి. అలుగుకు అడ్డంగా ఉన్నవన్నీ తీయించండి. దిగువ ఊళ్లో రాత్రిపూట కూడా ఫోనెత్తే ఇద్దరి నంబర్లు మీ కాపలా మనిషి దగ్గర రాయించి పెట్టండి.