ఆటోమేటిక్ పికప్‌ను గేర్ల బండిగా మార్చడం ఎలా?

జహీరాబాద్‌లో చెరకు, అల్లం మోసే పికప్‌లలోకి తొంగిచూడండి. డ్రైవర్ కాళ్ల దగ్గర మూడు పెడల్స్ కనిపిస్తాయి: క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్. అదే అమెరికాలో పాత పికప్‌లలో చాలావాటికి క్లచ్ పెడల్ ఉండదు, వాటి గేరుబాక్సు ఆటోమేటిక్. అది చెడిపోతే కొందరు తీసేసి, మాన్యువల్ గేరుబాక్సు బిగించుకుంటారు.

ఎందుకు? పాత ఆటోమేటిక్ రిపేరు ఖరీదైన పని. పైగా బరువుతో ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలో డ్రైవరే నిర్ణయించుకోవచ్చు.

ఎలా? ఆటోమేటిక్‌లో ఇంజిన్ శక్తిని గేర్లకు చేర్చేది టార్క్ కన్వర్టర్‌లోని నూనె. తిరిగే ఫ్యాను గాలికి ఎదుటి ఫ్యాను కూడా తిరిగినట్టే. ఆ కన్వర్టర్‌ను తీసేసి బరువైన ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు పెట్టాలి. క్లచ్ పెడల్ అమర్చాలి. గేరుబాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా మార్చాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఓ చిన్న భాగం, పైలట్ బేరింగ్. గేరుబాక్సు షాఫ్ట్ మొన క్రాంక్‌షాఫ్ట్ చివరి గుంటలో కూర్చునేది దీని మీదే. ఇది మరిచిపోతే షాఫ్ట్ ఊగుతుంది, క్లచ్ వణుకుతుంది. అంత బరువు గేరుబాక్సునూ మళ్లీ దింపాల్సిందే!

మన దేశంలో కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందు రవాణా కార్యాలయంలో అడగాలి, తర్వాతే పానా పట్టాలి.