ఒప్పించుట

ఇంటిలోనైనను అంగడిలోనైనను, ఎదుటివానిని ఒప్పింపవలెనన్నచో మనము మాటలు పెంచుదుము. ఒక్కొక్కప్పుడు గొంతును గూడ. 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే చేసినది వేరు. ఆయన హరిజనవాడకు పోయి, వారికేమి కావలెనో ముందుగా అడిగెను. 40 కుటుంబములవారు 80 ఎకరములు చాలుననిరి. ప్రభుత్వముతో చెప్పెదనని మొదట అన్నను, పిమ్మట అక్కడ చేరిన గ్రామస్థులనే, మీలో ఎవరైన ఈయగలరా యని ప్రశ్నించెను. వెదిరె రామచంద్రారెడ్డి ముందుకు వచ్చి 100 ఎకరములిచ్చెదననెను.

ఆ ప్రశ్నలో నింద లేదు, ఉపన్యాసము లేదు. ఎవరికి, ఎంత కావలెనో స్పష్టముగా నుండెను. కాదనుటకు వీలును ఉండెను. ఆ వీలునే మన యిండ్లలో మనము మూసివేయుదుము. కుమారునితో చదువు మాట వచ్చినపుడు ‘నీ ఇష్టము’ అనుచునే, ఏ కళాశాలయో నిశ్చయించియుందుము. అతడు తల యూపును. దానిని మనము అంగీకారమని లెక్కించుకొందుము.