అమ్మ జైలుకు పోతే పిల్లలు ఎటు పోవాలె?

నాయిన జైలుకు పోతే ఇల్లు కష్టాలపాలైతది గానీ, పిల్లలు తల్లి కాడ్నే ఉంటరు. అదే తల్లి జైలుకు పోతే చాలా ఇండ్లల్ల పొయ్యి వెలగదు. తండ్రి చనిపోయిండో, ఇడిసిపెట్టి పోయిండో అయితే పిల్లలకు దిక్కెవరు? హోమ్, ఫోస్టర్ కేర్ అనే మాటలు ఊర్లెకు అచ్చేది అప్పుడే.

గీ విషయంల చట్టం ఏం చెప్తుందో మనకు తెల్వాలె. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసుల 2006ల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆరేండ్లు నిండేదాక బిడ్డను తల్లి తనతోని జైల్ల ఉంచుకోవచ్చు. ఆ బిడ్డ ఖైదీ కాదు. తిండి, మందులు, చదువు హక్కుగ అందాలె. జైల్ల పుట్టినా బర్త్ సర్టిఫికెట్ల జైలు పేరు రాయొద్దు.

మరి ఆరేండ్లు నిండినంక? తల్లి కోరిన తగిన మనిషికి అప్పజెప్పాలె, లేకుంటే సంక్షేమ శాఖ హోమ్‌కు పంపాలె. వీలైనంత వరకు ఆ జైలున్న ఊరు దాటియ్యొద్దు. వారానికి ఒక్కసారన్న తల్లిని కలవనియ్యాలె.

ఇంకో ముచ్చట. ఫోస్టర్ కేర్ అంటే దత్తత కాదు. దత్తతల బిడ్డ శాశ్వతంగ ఇంకో ఇంటి బిడ్డ అయితది. ఫోస్టర్ కేర్‌ల బాలల సంక్షేమ సమితి ఒప్పుకున్న కుటుంబం కొంతకాలం సాకుతది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ ప్రకారం కన్నోళ్లు వచ్చి చూడొచ్చు. వాళ్లు సాకగలరని సమితి తేలిస్తే బిడ్డ మళ్ల ఇల్లు చేరొచ్చు. అంటే జైలుకు పోయినంత మాత్రాన తల్లి తల్లి కాకుండ పోదు.

తీర్పు కాగితం మీద బాగనే ఉన్నది. దాన్ని పట్టుకొని అడిగేటోళ్లే తక్కువ. "నా బిడ్డను మా అమ్మ కాడ ఉంచున్రి" అని లోపలున్న తల్లి చెప్పినా, బయట ఆ ముసలమ్మకు దారి చూపెటోళ్లు ఉండాలె గద!

గందుకే తమ్ముడూ, చెల్లే, మీ ఊర్ల గిట్ల జరిగితే 1098కి ఫోన్ కొట్టున్రి. అమ్మమ్మో, మేనమామో పెంచుతమంటే జిల్లా బాలల సంక్షేమ సమితి కాడికి తోల్కపోన్రి. ఆడోళ్లకు ఆదాయంతోని పని లేకుండ ఉచిత వకీలును పెట్టాలని 1987 చట్టంలనే ఉన్నది. దానికి నంబరు 15100. బెయిల్ కూడ అడగాలె. పెద్ద కేసులల్ల సుత ఆడోళ్లకు బెయిల్ ఇచ్చే వీలు కోర్టుకు ఉన్నది. తల్లికి బెయిల్ దొరికితే బిడ్డకు ఇల్లు దొరికినట్టే.

ఆఖరుకు ఒక్క మాట. తప్పు చేసిందో లేదో కోర్టు తేలుస్తది. "జైలుకు పోయినామె పిల్లలు" అని బడిల, బజార్ల ఆ పసోళ్లకు మనం శిక్ష ఎయ్యొద్దు.