మొరాయించిన కంప్యూటరు: తప్పు బోర్డుదేనా?

రాత్రి షట్టరు దించే దాకా చక్కగా పనిచేసిన కంప్యూటరు తెల్లారి మీట నొక్కితే ఉలకదు, పలకదు. బయట బెంచీ మీద ఆదాయం, కులం సర్టిఫికెట్ల కోసం విద్యార్థులు కూర్చుని ఉంటారు. వారిలో ఒకరికి దరఖాస్తు గడువు ఆ సాయంత్రంతో సరి. మీసేవ కేంద్రం నడిపే కుర్రాడికి ముచ్చెమటలు పడతాయి. పట్నానికి మోసుకుపోతే ‘మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నెల సంపాదన అక్కడే హారతి కర్పూరం. తీరా చూస్తే చాలాసార్లు ఆ బోర్డుకు ఏ జబ్బూ ఉండదు.

2011లో మీసేవ వచ్చిన తర్వాత పల్లెల్లో ఎందరికో కంప్యూటరే కూడు పెడుతోంది. ట్రాక్టరు ఆగితే ముందు డీజిలు చూసి, ఆ తర్వాతే ఇంజను విప్పుతారు. దీనికీ అదే వరస.

మీట నొక్కినప్పుడు లోపలి ఫ్యాను తిరుగుతోందా? తిరగకపోతే కరెంటు దారి వెతకాలి. యూపీఎస్‌ను పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడాలి. పెట్టె వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, ఊడుస్తున్నప్పుడు చెయ్యి తగిలి అది ఆగిపోవడం కద్దు. ఎలుకలు వైరు కొరికాయేమో చూడాలి. అన్నీ సరిగా ఉంటే అనుమానం ఎస్‌.ఎం.పి.ఎస్‌. మీదికి పోవాలి. కరెంటును బోర్డుకు పంచే డబ్బా అది. పోయింది అదొక్కటే అయితే బోర్డు కంటే తక్కువ ఖర్చుతో బయటపడవచ్చు. ఆ డబ్బాను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే ముందుగా చూడాల్సింది ర్యామ్‌ను. దుమ్ముకు, చెమ్మకు దాని బంగారు రంగు అంచు మసకబారుతుంది. ప్లగ్గు పీకి, మీటను అర నిమిషం నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. పెట్టె ఇనుప రేకును ఒకసారి ముట్టుకుని ర్యామ్‌ తీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ అంచును మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, టక్కున శబ్దం వచ్చేలా బిగించాలి. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. కొత్త బోర్డుకు డబ్బు కట్టే ముందు ఈ పని చేయనివారిని ఏమనాలి!

ఇంకో కిటుకుంది. లోపల చిన్న స్పీకరు ఉన్న కంప్యూటరైతే ర్యామ్‌ పూర్తిగా తీసేసి మీట నొక్కాలి. ‘బీప్‌, బీప్‌’ మని అరిస్తే బోర్డు, ప్రాసెసరు బతికే ఉన్నట్టు లెక్క.

బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది. 3 వోల్టులది, పేరు సి.ఆర్‌. 2032. అది అరిగితే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది, తేదీ తప్పితే ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరుచుకోవు. ప్లగ్గు పీకి ఆ సెల్లును పది నిమిషాలు తీసి ఉంచితే చెడిన సెట్టింగులు మొదటికొచ్చి, మొరాయించిన యంత్రం లేచి కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. ప్రింటరు, వేలిముద్రల యంత్రం, పెన్‌డ్రైవు కూడా అన్నీ ఊడదీసి చూడాలి. వాటిలో ఒక్కటి షార్టయినా కంప్యూటరు లేవదు.

మరి బోర్డు నిజంగా పోతే? పిడుగు పడిన మర్నాడు మాడు వాసన వస్తే ఆశ వదులుకోవాల్సిందే. గుండ్రటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా జబ్బు అక్కడే. చెయ్యి తిరిగిన మెకానిక్కు కెపాసిటర్లను మార్చి టంకం వేయగలడు, అడిగి చూడాలి. బల్లి దూరి రెండు తీగల మధ్య మాడిపోవడం కూడా పల్లెల్లో వింత కాదు.

బోర్డు పోయినా జనం కాగితాలు పోయినట్టు కాదు. అవి హార్డ్‌డిస్కులో ఉంటాయి. దాన్ని విప్పి మరో కంప్యూటరుకు తగిలిస్తే సాధారణంగా అన్నీ దొరుకుతాయి. రిపేరుకు ఇచ్చేటప్పుడు డిస్కును ఊడదీసి దగ్గర ఉంచుకోవాలి, లేదా ఫార్మాట్‌ చేయవద్దని గట్టిగా చెప్పి మరీ ఇవ్వాలి.