జింక వేటకు ఒక్క రైఫిలే కొనాలంటే

టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం తెల్లతోక జింకల వేట సీజను మొదలవుతుంది. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లను ఆఫీసు స్నేహితులెవరైనా వేటకు రమ్మంటే, తుపాకుల దుకాణంలో అడుగుపెట్టగానే తల తిరుగుతుంది. .243, .270, .308, థర్టీ ఆట్ సిక్స్, 6.5 క్రీడ్‌మోర్... ఏది తీసుకోవాలి?

ముందు ఈ అంకెల సంగతి. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, సుమారుగా గుండు వెడల్పు. .308 అంటే అంగుళంలో వెయ్యో వంతులు 308, అంటే 7.8 మిల్లీమీటర్లు. కానీ అన్ని పేర్లకూ ఇదే లెక్క పనికిరాదు. థర్టీ ఆట్ సిక్స్‌లో 'సిక్స్' అమెరికా సైన్యం ఆ తూటాను చేపట్టిన 1906వ సంవత్సరం. దాని గుండు వెడల్పు కూడా .308 అంగుళాలే! తేడా అంతా ఇత్తడి తొడుగు పొడవులో ఉంది. పాతదానికి 63 మిల్లీమీటర్లు, 1952లో వచ్చిన .308 వించెస్టర్‌కు 51. తొడుగు పొట్టిదైతే రైఫిల్ కూడా కొంచెం పొట్టిగా, తేలికగా చేయొచ్చు. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. 150 గ్రెయిన్లంటే పది గ్రాములకు కాస్త తక్కువ.

దుకాణంవాడు ముందుగా వేగం గురించి చెబుతాడు. 130 గ్రెయిన్ల గుండుతో .270 సెకనుకు మూడువేల అడుగులు దాటుతుంది, 150 గ్రెయిన్ల .308 దాదాపు 2,800 దగ్గర ఆగుతుంది. వినడానికి పెద్ద తేడానే. అడవిలో అది ఎంత? రెండింటినీ 200 గజాలకు గురి సరిచేసి పెట్టామనుకుందాం. 300 గజాల దగ్గర .308 గుండు ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది, .270 ఆరేడు అంగుళాలు. జింక ముందు జబ్బ వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అన్నం తినే చిన్న పళ్లెమంత ఉంటుంది. రెండంగుళాల తేడా 300 గజాల దగ్గర ఎప్పుడైనా అవసరపడొచ్చు. కానీ కొత్తవాడు అంత దూరం కాల్చనే కూడదు. 200 లోపు ఈ తేడా లేనట్టే.

అసలు చూసుకోవాల్సింది తన్ను. రైఫిల్ బరువు ఒకటే అయితే థర్టీ ఆట్ సిక్స్ భుజాన్ని తన్నే శక్తిలో .243ది సుమారు సగం. తన్నుకు భయపడేవాడు ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకుంటాడు, భుజం ముందుకు తోస్తాడు. గుండు పొట్టలో తగులుతుంది. జింక కిలోమీటరు దూరం పరుగెత్తి, గంటల తరబడి బాధపడి చస్తుంది. క్యాలిబర్ ఎంత పెద్దదైనా ఈ తప్పును సరిదిద్దలేదు. డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే పాతకాలపు వేటగాడు ఆఫ్రికాలో వందల ఏనుగులను చంపింది .275 అనే చిన్న తూటాతోనే. అది మెచ్చదగ్గ పనని కాదు గానీ, గురి విలువ మాత్రం దానితో తెలుస్తుంది.

అలాగని మరీ చిన్నదానికి దిగకూడదు. కొలరాడోలో జింకకైనా .24 కంటే చిన్న క్యాలిబర్ ఒప్పుకోరు. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకైతే గుండు బరువు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు. టెక్సస్‌లో .22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో జింకను కాల్చడం నిషేధం.

నా ఓటు .308కే. తూటాలు చిన్న ఊళ్లలోనూ దొరుకుతాయి. 150 గ్రెయిన్లు జింకకు సరిపోతాయి. ఎప్పుడైనా ఎల్క్ వేటకు వెళ్తే 180 వేసుకోవచ్చు, రైఫిల్ మార్చనక్కర్లేదు. తన్ను ఓర్చుకోలేనివాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి, అందులో తక్కువతనమేం లేదు. కాలిఫోర్నియాలో ఉంటే సీసం లేని గుండ్లే కొనాలి, 2019 నుంచి వేటకు సీసం నిషేధం.

ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టంతో సరదా వేట ముగిసింది, సెలవులకు ఊరొచ్చినప్పుడు ఈ తెలివి వాడబోకండి. ఇంకో మాట. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. చట్టం చెప్పిన కొద్ది మినహాయింపుల్లో, అక్కడి రాష్ట్రం ఇచ్చిన గడువు తీరని వేట లైసెన్సు ఒకటి. కాబట్టి ముందు లైసెన్సు తీసుకుని, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.